పాత ఫ్రేమ్ కొనేముందు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు ఫోన్ చేసి "పారిశ్రామిక ప్రగతిలో నాణ్యత పాత్ర" మీద మాట్లాడమన్నారు. భోజనాల ముందు ఆ మాట ఎత్తితే ఈ హాల్లో ఎంతమంది మిగులుతారో నాకు తెలుసు. అందుకని ఆయన అనుమతితోనే అంశం మార్చుకున్నాను. సైకిల్ ఫ్రేమ్ గురించి మాట్లాడతాను. అదీ కొత్తది కాదు, పాతది. కొండ మీద నుంచి కిందికి దూకించడానికి కొనే పాత ఫ్రేమ్. నాణ్యత సంగతి అందులోనే వస్తుంది.

ఎందుకంటారా? పాశమైలారం, బొల్లారం, రుద్రారం కంపెనీల్లో పనిచేస్తున్న మన బడి పిల్లలు కొందరు రెండు మూడేళ్లుగా ఆదివారాలు సైకిళ్లేసుకుని తిరుగుతున్నారు. మొదట ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పుతో 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల ట్రాక్ మీద, కొల్లూరు వైపు నుంచి మొదలుపెట్టి తొక్కారు. అది చదునుగా ఉంటుంది, నీడగా ఉంటుంది, కొన్నాళ్లకు విసుగొస్తుంది. తర్వాత వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్టలకు మళ్లారు. అక్కడ అటవీ శాఖ వాళ్లు వెళ్లనిచ్చిన దారుల్లో రాళ్లు, వేర్లు, మలుపులు ఉన్నాయి. దిగడంలో మజా తెలిసింది. ఫోన్‌లో విదేశీ వీడియోలు చూశారు. ఇప్పుడు డౌన్‌హిల్ బండి కావాలంటున్నారు. కొత్తది కొనే స్తోమత లేదు కాబట్టి పాత ఫ్రేమ్ వెతుకుతున్నారు. నేను మందుల కంపెనీలకు రియాక్టర్లు, ట్యాంకులు తయారుచేసే ఫ్యాబ్రికేషన్ షాపులో వెల్డింగ్ తనిఖీ చేసే ఇంజనీర్ని. "సార్ వెల్డింగ్ చూస్తాడంట" అని ఎవరో చెబితే నా దగ్గరికి మోసుకొస్తున్నారు. ఇప్పటికి అరడజను ఫ్రేములు చూశాను.

ఈ ఆట పుట్టిందే పాత ఫ్రేముల మీద. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం, మరిన్ కౌంటీ, ఫెయిర్‌ఫాక్స్ ఊరి పక్కన ఒక కొండ. 1976 అక్టోబర్ 21న కొందరు కుర్రాళ్లు అక్కడ మొదటి పందెం పెట్టుకున్నారు. సుమారు 1,300 అడుగుల దిగుడు, రెండు మైళ్ల మట్టి దారి. వాళ్ల దగ్గరున్నవి రెండో ప్రపంచ యుద్ధానికి ముందు నాటి ష్విన్ ఎక్సెల్సియర్ లాంటి సైకిళ్లు. పాత సామాన్ల దుకాణాల్లో, గ్యారేజీల మూలల్లో దొరికిన బరువైన ఇనుప ఫ్రేములు. బ్రేకు వెనక హబ్‌లో ఉండేది, పెడల్ వెనక్కి తొక్కితే పడేది. కింద చేరేసరికి హబ్ వేడికి గ్రీజంతా పొగై పోయేది. ప్రతి దిగుడు తర్వాత హబ్ విప్పి మళ్లీ గ్రీజు నింపాలి. దాన్ని ఇంగ్లిష్‌లో రీప్యాక్ అంటారు, ఆ దారికి అదే పేరు స్థిరపడింది. గ్యారీ ఫిషర్ అనే ఆయన ఆ దారిని 4 నిమిషాల 22 సెకన్లలో దిగాడు.

ఆ పాత ఫ్రేములు వంగిపోయేవి, విరిగేవి. వాళ్లలో ఫ్రేములు కట్టడం తెలిసిన జో బ్రీజ్ 1977లో క్రోమోలీ గొట్టాలతో కొత్త ఫ్రేమ్ చేశాడు. అలాంటివి మొత్తం పది చేశాడు. మౌంటెన్ బైక్ కోసమే అచ్చంగా తయారైన ఫ్రేముల్లో మొదటివిగా వాటిని చెప్పుకుంటారు. క్రోమోలీ అంటే బెదిరిపోకండి. అది మన షాపులో 4130 అని పిలిచే ఉక్కు. కొంచెం కార్బన్, ఒక శాతం క్రోమియం, అందులో అయిదో వంతు మాలిబ్డినం. విమానాల అస్థిపంజరాలకు వాడే గొట్టం. అంటే పందెం మొదలైన ఏడాదికే వాళ్లకు తెలిసిపోయింది, పాత ఫ్రేమ్ ఎక్కడ లొంగిపోతుందో. మన పిల్లలకు చెప్పాల్సింది కూడా అదే.

ముందు ఒక పెద్ద ప్రశ్న. మనకు నిజంగా డౌన్‌హిల్ ఫ్రేమ్ కావాలా? అసలు సిసలు డౌన్‌హిల్ బండి వెనక చక్రం 200 మి.మీ. పైకీ కిందికీ ఆడుతుంది. ముందు ఫోర్కుకు మోటార్ సైకిల్‌లాగా పైన ఒకటి, కింద ఒకటి రెండు క్రౌన్లుంటాయి. బండి పదహారు, పదిహేడు కిలోలు తూగుతుంది. యూరప్‌లో, కెనడాలో లిఫ్టులు పైకి మోస్తాయి, వీళ్లు దిగుతారు. అనంతగిరిలో లిఫ్టు లేదు. పైకి నెట్టుకుంటూ పోవాల్సిందే, లేదా ట్రాలీ ఆటో మాట్లాడుకోవాలి. నా అభిప్రాయం అడిగితే, మన గుట్టలకు వెనక 140 నుంచి 160 మి.మీ. ఆట ఉన్న ఫ్రేమ్ ధారాళంగా సరిపోతుంది. అంతకంటే మంచిది, వెనక సస్పెన్షన్ లేని క్రోమోలీ ఫ్రేమ్. పిల్లలకు ఈ మాట రుచించదు. వీడియోలో రెండు క్రౌన్ల ఫోర్కు చూసిన కళ్లకు మామూలు ఫ్రేమ్ ఆనదు. ఒకడైతే 120 మి.మీ. ఫోర్కు కోసం చేసిన మామూలు ఫ్రేమ్‌కు 200 మి.మీ. ఫోర్కు బిగించి తెచ్చాడు. గడపార ఎంత పొడవుంటే బండ అంత సులువుగా లేస్తుంది కదా. ఇక్కడ గడపార ఫోర్కు, పెకిలేది ఫ్రేమ్ తల. ఆ బండిని విప్పించేదాకా వాణ్ని కదలనివ్వలేదు.

ఇప్పుడు అసలు సంగతి. మా కాలంలో బడికి వచ్చినవి అట్లాస్, హీరో, హెర్క్యులిస్ సైకిళ్లు. ఉక్కు గొట్టాలు, మూలల్లో లగ్గులు, ఇత్తడితో అతుకు. పాలక్యాన్లు రెండు వైపులా నాలుగు వేలాడదీసుకుని పదిహేను కిలోమీటర్లు తొక్కేవాళ్లు. ఫ్రేమ్ విరిగితే గ్యాస్ వెల్డింగ్ వాడు ఇత్తడి కడ్డీ కరిగించి అతికేవాడు, మరో పదేళ్లు నడిచేది. ఆ అనుభవం మన బుర్రల్లో ఉండిపోయింది. ఫ్రేమ్ అంటే విరగదు, విరిగినా అతుకుతుంది అని. ఈనాటి ఫ్రేములు ఎక్కువగా అల్యూమినియం. ఆ అనుభవం దీనికి పనికిరాదు.

1842 మే 8న ఫ్రాన్స్‌లో వెర్సై నుంచి ప్యారిస్ పోతున్న రైలింజను ఇరుసు విరిగింది. మంటలు లేచి 50 మందికి పైగా చనిపోయారు. ఇరుసు మీద పడింది మోయలేని బరువేమీ కాదు, రోజూ మోసే బరువే. తర్వాత జర్మనీలో ఆగస్ట్ వోలర్ అనే రైల్వే ఇంజనీరు ఏళ్ల తరబడి ఇరుసులను లక్షల సార్లు తిప్పి తిప్పి పరీక్షించాడు. ఆయన తేల్చిందేమిటంటే, లోహం ఒక్క దెబ్బకు విరగని బరువుకు కూడా, అదే బరువు మళ్లీ మళ్లీ పడితే విరుగుతుంది. దాన్ని ఫెటీగ్ అంటాం. లోహం అలసట. ఒక్కోసారి బరువు పడి లేవడాన్ని మేం ఒక సైకిల్ అని లెక్కపెడతాం. సైకిల్ ఎన్ని సైకిళ్లకు విరుగుతుంది అన్నది మా క్లాసులో పాత జోకు, మీరు నవ్వనక్కర్లేదు.

ఉక్కులో ఒక మంచి గుణం ఉంది. ఒక హద్దు కంటే తక్కువ బరువు పడినంత కాలం అది దాదాపు ఎన్నటికీ అలసిపోదు. అల్యూమినియానికి అలాంటి స్పష్టమైన హద్దు లేదు. చిన్న చిన్న దెబ్బలు కూడా ఖాతాలో పడుతూనే ఉంటాయి. 1954లో కామెట్ విమానాలు రెండు మూడు నెలల వ్యవధిలో గాల్లోనే ముక్కలవడానికి కారణం ఇదే. పైకెగిరినప్పుడల్లా లోపలి గాలి ఒత్తిడికి ఉబ్బి, దిగినప్పుడల్లా తగ్గి, అల్యూమినియం రేకు అలసిపోయింది. అందుకని పాత అల్యూమినియం ఫ్రేమ్ కొనేటప్పుడు "ఎన్నేళ్లది" అని కాదు అడగాల్సింది, "ఎలా తొక్కారు" అని. అయిదేళ్లు ఆఫీసుకు తొక్కిన ఫ్రేమ్ కంటే ఒక్క ఏడాది గుట్టల మీద దూకించిన ఫ్రేమ్ ముసలిది. ఫ్రేములకు అంతర్జాతీయ పరీక్ష ఐఎస్ఓ 4210 ఉంది. మౌంటెన్ బైక్ ఫ్రేమ్‌ను పెడల్ దగ్గర 1,200 న్యూటన్ల బలంతో, అంటే ఇంచుమించు 120 కిలోల బరువుతో, లక్ష సార్లు నొక్కుతారు. కానీ పోటీల్లో వాడే తీవ్రమైన బళ్లు మా పరిధిలోకి రావని ఆ ప్రమాణమే చెబుతుంది. స్టిక్కర్ చూసి నిశ్చింతగా ఉండొద్దు.

ఫ్రేమ్ ఉక్కో అల్యూమినియమో తెలుసుకోవడానికి అయస్కాంతం చాలు. ఫ్రిజ్ మీద అంటించే బొమ్మ జేబులో వేసుకుని పోండి.

మొన్న ఎండాకాలంలో ఒక పిలగాడు వచ్చాడు. మన బడి, తర్వాత ఐటీఐ ఫిట్టర్, ఇప్పుడు ఒక కంపెనీలో కాంట్రాక్టు మీద పన్నెండు గంటల షిఫ్టు. ఇంట్లో సంపాదించేది వాడొక్కడే. ఓవర్‌టైమ్ పైసలు ఆరు నెలలు కూడబెట్టి, హైదరాబాద్‌లో ఒకాయన దగ్గర డౌన్‌హిల్ ఫ్రేమ్ బేరం చేశాడు. మూడు వేలు అడ్వాన్స్ కట్టి, చూపించి తెస్తానని గోనెపట్టలో చుట్టుకుని బస్సులో తెచ్చాడు. అద్దంలా మెరిసే నల్ల పౌడర్ కోటింగ్. "ఎట్లుంది సార్?" అన్నాడు. బాగుంది బిడ్డా, అందుకే అనుమానం అన్నాను.

పౌడర్ కోటింగ్ మన బొల్లారం సందుల్లో గేటుకు చేసినట్టే ఫ్రేమ్‌కూ చేస్తారు. అందులో తప్పేమీ లేదు. కానీ పైన పటారం లోన లొటారం అన్న సామెత ఊరికే పుట్టలేదు. పాత పెయింటులో పగులు ఉంటే లోహంలో ఏదో జరిగిందని అది పట్టిస్తుంది. కొత్త కోటింగ్ ఆ సాక్షిని చంపేస్తుంది. పైగా కోటింగ్ ముందు ఇసుక బ్లాస్టింగ్ చేస్తే, ఆ దెబ్బలకు లోహం పై పొర నలిగి పగులు నోరు మూసుకుపోతుంది. అందుకే మా షాపులో డీపీ టెస్ట్ ముందు బ్లాస్టింగ్ చేయనివ్వం.

డీపీ అంటే డై పెనిట్రెంట్. మూడు స్ప్రే డబ్బాలు. అమ్మే ఆయనకు ఫోన్ చేసి, తల దగ్గర అయిదు రూపాయల బిళ్లంత మేర రంగు తీస్తామని ఒప్పించాం. పెయింట్ రిమూవర్ పూసి రంగు తీశాం. గ్రైండర్ వాడొద్దు, అదీ పగులును పూడ్చేస్తుంది. మొదటి డబ్బాతో శుభ్రం చేశాం. రెండోది ఎర్ర ద్రవం, అది కొట్టి పావుగంట ఆగాం. సన్నని పగుళ్లలోకి అదే పాకుతుంది. తర్వాత క్లీనర్ తడిపిన గుడ్డతో పైన తుడిచాం. క్లీనర్ నేరుగా కొడితే లోపలిది కూడా కడిగేస్తుంది. చివరికి మూడో డబ్బా, తెల్ల డెవలపర్. సున్నం వేసినట్టు పలచగా.

రెండు నిమిషాలు ఏమీ లేదు. పిలగాడి మొహం వెలిగింది. తర్వాత కింది గొట్టానికీ తల గొట్టానికీ మధ్య బలానికి అతికించిన గస్సెట్ ప్లేటు కొసన ఎర్ర చుక్క లేచింది. చుక్క పక్కన చుక్క. పది నిమిషాలకు తెల్లటి మీద ఎర్రటి గీత, స్కేలు పెడితే 18 మి.మీ.

"చిన్నదే కదా సార్?" అన్నాడు.

చిన్నదే. కానీ పగులు పెరిగే తీరు వేరు. మొదట్లో నత్తలా పాకుతుంది. పొడవు పెరిగే కొద్దీ దాని కొన దగ్గర బలం పోగుపడుతుంది, కాబట్టి వేగం పెరుగుతుంది. ఇంత పొడవు రావడానికి రెండేళ్లు పట్టి ఉండొచ్చు, మిగతాదానికి ఒక్క ఆదివారం చాలు. ఉక్కయితే చాలాసార్లు వంగి, కిర్రుమని హెచ్చరిస్తుంది. అల్యూమినియం ఆ మర్యాద పాటించదు. కింది గొట్టం తెగిందంటే ముందు చక్రం ఒంటి కిందికి మడుచుకుపోతుంది, మనిషి మొహం మీద పడతాడు. వాడికి ఈఎస్ఐ ఉంది. సిక్‌నెస్ బెనిఫిట్ కింద జీతంలో 70 శాతం వస్తుంది, ఏడాదికి గరిష్ఠంగా 91 రోజులు. కాలర్‌బోన్ విరిగితే ఆ లోపల అతుక్కుంటుంది. మెడ విరిగితే 91 రోజుల లెక్క దేనికీ చాలదు. ఆ మాట వాడితో ఇంత వివరంగా చెప్పలేదు. ఈఎస్ఐ ఎన్ని రోజులిస్తుందో అడిగాను, వాడే లెక్కేసుకున్నాడు.

కాసేపటికి వాడన్నాడు, "పటాన్‌చెరులో ఆర్గాన్ వెల్డింగ్ చేయిద్దాం సార్, మా దోస్తు ఉన్నాడు." ఇది అందరూ అడిగే ప్రశ్న కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుతాను. మన ప్రాంతంలో ఆర్గాన్ వెల్డర్లు ఎంత పనిమంతులో నాకంటే ఎవరికి తెలుసు? వాళ్లు అతికిన జాయింట్లు ఎక్స్‌రేలో చూస్తే ముచ్చటేస్తుంది. ఇక్కడ లోటు చేతిలో లేదు, లోహంలో ఉంది. ఈ ఫ్రేములు ఎక్కువగా 6061 అల్యూమినియం, టీ6 స్థితిలో ఉంటాయి. టీ6 అంటే వేడి చికిత్స చేసినది. ఫ్యాక్టరీలో గొట్టాలు అతికాక మొత్తం ఫ్రేమ్‌ను 530 డిగ్రీల దాకా వేడి చేసి, ఒక్కసారిగా చల్లార్చి, మళ్లీ 170 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచుతారు. దాని బలమంతా ఆ వంటలో వచ్చింది. మనం మళ్లీ టార్చ్ పెట్టామా, అతుకు పక్కన వేడి తగిలిన పట్టీలో బలం ఇంచుమించు సగానికి పడిపోతుంది. అతుకు గట్టిగానే ఉంటుంది, దాని పక్కనే తెగుతుంది. తిరిగి అంత బలం రావాలంటే ఫ్రేమ్ మొత్తాన్ని వంకర పోకుండా పట్టి ఉంచి వేడి చికిత్స చేయాలి. ఆ ఖర్చుతో ఇంకో ఫ్రేమ్ వస్తుంది. 7005 అనే మిశ్రమం దీనికంటే కొంత నయం, కానీ చేతిలో ఉన్నది ఏదో రంగు చూసి చెప్పలేం. క్రోమోలీ ఫ్రేమ్ పగిలితే మాత్రం నేనే మంచి వెల్డర్ దగ్గరికి పంపుతాను.

ఆ గీత చుట్టూ మార్కర్‌తో గుండ్రంగా గీసి, పక్కన 'క్రాక్' అని రాసి ఫ్రేమ్ తిప్పి పంపాం. అయిదు వందలు పట్టుకుని మిగతా అడ్వాన్స్ ఇచ్చాడట. పగులు సంగతి చెబితే "ఇంకెవరో కొంటార్లే తమ్మీ" అన్నాడట. స్క్రాప్ ధరకు నేనే తీసుకుంటానని ఫోన్ చేశాను. ఇవ్వలేదు. మార్కర్ గీత థిన్నర్‌తో తుడిస్తే పోతుంది.

డీపీ చేయడానికి వీల్లేనప్పుడు ఏం చూడాలి? ఫ్రేమ్‌ను ఎండలోకి తీసుకురండి, తడి గుడ్డతో తుడవండి, వేలి గోరుతో వెల్డింగ్ అంచుల వెంబడి గీరుతూ పోండి. వెల్డ్ పూస మీద కాదు, అది గొట్టాన్ని కలిసే అంచున. తల గొట్టం కింద, గస్సెట్ కొసల్లో, సీటు గొట్టం పైన, పెడల్ ఇరుసు వెనక, వెనక చక్రం బిగించే చోట. కింది గొట్టం అడుగున తల వెనకాల చెయ్యి పెట్టి నిమరండి. చిన్న ముడత, ఉబ్బు తగిలితే ఆ బండి ఎదురుగా దేన్నో గుద్దింది. ఇక చూడొద్దు, నమస్కారం పెట్టి వచ్చేయండి. రెండు క్రౌన్ల ఫోర్కు వాడిన ఫ్రేమ్‌కు కింది గొట్టం రెండు పక్కలా సొట్టలుంటాయేమో చూడండి. పడ్డప్పుడు ఫోర్కు తిరిగి అక్కడ కొడుతుంది. కార్బన్ ఫ్రేమ్ అయితే రూపాయి బిళ్లతో తట్టుకుంటూ పోవాలి, టకటక శబ్దం ఉన్నట్టుండి బొదబొదమంటే లోపల పొరలు విడిపోయాయి. నా సలహా, తక్కువ డబ్బుతో పాత కార్బన్ జోలికి పోవద్దు.

వంకర చూడటానికి మేస్త్రీ నూలు దారం సరిపోతుంది. వెనక ఒక పక్క చక్రం బిగించే చోట కట్టి, తల గొట్టం చుట్టూ తిప్పి, రెండో పక్కకు తెచ్చి బిగించండి. దారానికీ సీటు గొట్టానికీ నడుమ రెండు పక్కలా దూరం కొలవండి. రెండు మూడు మి.మీ. మించి తేడా ఉంటే అనుమానించాలి. వెనక భాగాన్ని కావాలనే ఒక పక్కకు జరిపి చేసిన మోడళ్లు కొన్ని ఉన్నాయి, వాటికి ఈ లెక్క వర్తించదు.

వెనక సస్పెన్షన్ ఉంటే షాక్ విప్పేయమనండి. విప్పనివ్వని వాడి దగ్గర కొనొద్దు. షాక్ లేకుండా వెనక భాగాన్ని చేత్తో ఎత్తి దించితే పసిపిల్లాడి ఊయలలా మెత్తగా ఆడాలి. పక్కకు ఊపితే టకటకమనకూడదు. బేరింగ్‌లు పోయాయంటే భయం లేదు. అవి చాలా ఫ్రేముల్లో మామూలు పరిశ్రమ బేరింగ్‌లే. 6902 టూఆర్ఎస్ అంటే లోపల 15, బయట 28, మందం 7 మి.మీ. రాణిగంజ్‌లో చిటికెలో ఇస్తారు. వాటిని సుత్తితో కొట్టి ఎక్కించకండి, పొడుగు బోల్టు, రెండు వాషర్లు పెట్టి బిగిస్తే నిటారుగా దిగుతాయి. అయితే బేరింగ్ కూర్చునే గూడు అరిగి వదులైతే మాత్రం ఆ ఫ్రేమ్ వద్దు. షాక్ బిగించే బోల్టు తీసి గాజు పలక మీద దొర్లించండి. ఎగిరెగిరి దొర్లితే వంగింది. వెనక చక్రం 200 మి.మీ. కదిలినప్పుడు షాక్ 75 మి.మీ. మాత్రమే కుంచించుకుంటుంది. అంటే చక్రం మీద పడ్డ బలానికి సగటున 2.67 రెట్లు ఆ చిన్న బోల్టు మీద పడుతుంది. అది వంగిందంటే పట్టుకునే కొమ్ములు కూడా చూడాల్సిందే.

ఇక బేరం. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అంటారు గానీ, ఈ బజారులో మనకొక వీలుంది. చాలా కాలం డౌన్‌హిల్ చక్రాలు 26 అంగుళాలు. 2014 ప్రాంతంలో 27.5 అంగుళాలవి వచ్చాయి. 2017లో వరల్డ్ కప్ పందేల్లోకి 29 అంగుళాలు దిగాయి, ఆ ఏడు ఫోర్ట్ విలియంలో గ్రెగ్ మినార్ వాటి మీదే గెలిచాడు. దాంతో 26 అంగుళాల ఫ్రేములు ఫ్యాషన్ తప్పి ధర పడిపోయాయి. విదేశాల్లో వాటికి మంచి టైర్లు దొరకడం లేదని ఏడుస్తారు. మనకు సంగారెడ్డి సైకిల్ దుకాణంలో దొరికే మామూలు మౌంటెన్ బైక్ ట్యూబ్ అదే సైజు, రిమ్ అంచు కొలత 559 మి.మీ. లావు టైరు తెప్పించుకోవాలి గానీ దారిలో పంక్చరైతే మనకు దిక్కుంది. కాబట్టి లోకం వదిలేసిన 26 అంగుళాలు మన పిల్లలకు బంగారం. మన ఊరి పాత సైకిల్ 26 అంగుళాల టైరు వేరే కొలత, అది ఎక్కదు, తికమక పడొద్దు.

కానీ కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ అవుతుంది జాగ్రత్త. పాత డౌన్‌హిల్ ఫ్రేముల్లో వెనక హబ్ 150 మి.మీ., పెడల్ ఇరుసు గూడు 83 మి.మీ. వెడల్పుంటాయి. మామూలు హబ్, మామూలు క్రాంక్ పట్టవు. ఫ్రేమ్ చవగ్గా వచ్చి, హబ్‌కు, క్రాంక్‌కు రెట్టింపు పోసినవాళ్లున్నారు. కొనేముందు వెర్నియర్‌తో ఈ రెండూ, తల గొట్టం లోపలి వ్యాసం పైనా కిందా, షాక్ రంధ్రం నుంచి రంధ్రానికి దూరం కొలిచి కాగితం మీద రాసుకోండి. షాక్ లేకుండా అమ్మే ఫ్రేమ్ చవక కాదు. నా లెక్కలో చేతిలో ఉన్న డబ్బులో సగానికి మించి ఫ్రేమ్‌కు పెట్టకూడదు. మిగతా సగంలో మొదట మొహం మూసే హెల్మెట్, తర్వాత బ్రేకులు, తర్వాత బేరింగ్‌లు. రంగు చివర. పెడల్ ఇరుసు కింద సీరియల్ నంబర్ గీకేసి ఉంటే దొంగ సొత్తని అనుకుని లేచి రండి.

ఆ పిలగాడికి తర్వాత ఒక క్రోమోలీ ఫ్రేమ్ దొరికింది. సస్పెన్షన్ లేదు, 26 అంగుళాలు, రంగు పెచ్చులూడి అసహ్యంగా ఉంది. పెచ్చులూడినందుకే నాకు నచ్చింది, దాచిపెట్టిందేమీ లేదు. రంగు పెచ్చుల వెంబడి అన్ని అతుకులూ డీపీ చేశాం. ఒక్క గీత కూడా రాలేదు. అనంతగిరిలో దాని మీదే దిగుతున్నాడు. దోస్తులు వెక్కిరిస్తారట, ముందు ఫోర్కు ఒక్క క్రౌన్‌దేనని.

సంఘం కార్యవర్గాన్ని ఒకటి అడిగాను, ఒప్పుకున్నారు. డీపీ డబ్బాల సెట్టు ఒకటి, వెర్నియర్, నూలు దారం, గాజు పలక మన సంఘం గదిలో పెడుతున్నాం. ప్రతి నెలా రెండో ఆదివారం పొద్దున ఎనిమిది నుంచి పది దాకా నేనుంటాను, నాతో ఇద్దరు వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్లు ఉంటారు, ఇద్దరూ మన బడి వాళ్లే. డబ్బులేమీ ఇవ్వక్కర్లేదు. ఫ్రేమ్ కొనకముందే తీసుకురండి, కొన్నాక కాదు. షాక్, చక్రాలు విప్పి, సర్ఫు నీళ్లతో కడిగి ఆరబెట్టి తేవాలి. కిరోసిన్, డీజిల్ పూసి మెరిపించి తేవద్దు, పగుళ్లలో అది నిండితే ఎర్ర ద్రవం దిగదు. మూడు నాలుగు చోట్ల బిళ్లంత రంగు తీయాల్సి వస్తుంది, అమ్మేవాణ్ని ముందే అడిగి ఒప్పించి రండి.